కెనడా సేనాని సర్ ఆర్థర్ కర్రీ

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తిచేసికొన్న యీ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితచరిత్రమును వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పురాణపురుషులను గూర్చియు, మన దేశభక్తులను గూర్చియు నాకన్న బాగుగ వ్రాయగలవారు మన గ్రామముననే పలువురు గలరు. కావున వారు దున్నుచున్న చేనిలో నేను నాగలి పెట్టక, కడు దూరదేశమగు కెనడాకు జెందిన యొక సేనాధిపతి కథను ఎన్నుకొంటిని. ఆయన పేరు సర్ ఆర్థర్ కర్రీ.

కెనడా మనకు బొత్తిగా తెలియని దేశము కాదు. పూర్వము మన సముద్రతీర మండలములలో పాఠశాలలను, వైద్యశాలలను నెలకొల్పిన బాప్టిస్టు మిషనరీలలో పెక్కుమంది ఆ దేశమునుండి వచ్చినవారే. కాకినాడలోని మెక్లారిన్ ఉన్నత పాఠశాలకు గల పేరు అట్టి కెనడా మిషనరీ యొకరిదే. నేడు మన తెలుగు బిడ్డలు చదువులకును, ఉద్యోగములకును ఆ దేశమునకు పోవుచున్నారు. అయినను కెనడీయులు యుద్ధములయందు చేసిన త్యాగమును గాని, ఆ త్యాగమును వారి దేశము గుర్తించిన తీరును గాని ఎఱిగినవారు మనలో అరుదు.

ఈ కథను ఎన్నుకొనుటకు మఱియొక కారణము కూడ గలదు. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. కర్రీ జీవితమున ఒక తప్పుడు పద్దు గలదు. ఆ పద్దు ఒక ప్రక్కను, ఆయన సాధించిన విజయములు వేఱొక ప్రక్కను నుంచి ఆ దేశపు ప్రజలు ఆయనకు ఎట్టి గౌరవము నిచ్చిరో విచారించుట మనకును ప్రయోజనకరమని నా నమ్మకము.

జననము – తొలి జీవితము

ఆర్థర్ కర్రీ 1875వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున స్ట్రాత్రాయ్ పట్టణము చెంతగల యొక పల్లెలో కర్షక కుటుంబమున జన్మించెను. పెద్దలు ఐర్లండునుండి వలస వచ్చినవారు. బాల్యముననే తండ్రి గతించుటచే ఉన్నతవిద్య నభ్యసింపవలెనను కోరిక తీరలేదు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన పిదప 1894లో, పందొమ్మిదేండ్లయినను నిండని ప్రాయమున, దేశమునకు పడమటి అంచునగల బ్రిటిష్ కొలంబియాకు పోయి, అచట బడిపంతులుగా జీవితము నారంభించెను.

1897లో ఫిరంగిదళమున సామాన్య సైనికుడుగా చేరెను. అది పూర్తికాలపు కొలువు కాదు. పగలు తమ తమ పనులు చేసికొనుచు, తీరిక వేళల కవాతు చేయు పౌరసైన్యము. కర్రీ ఆరడుగులకు మించిన పొడవు, స్థూలకాయము గలవాడు. చూచుటకు యోధునివలె గాక వర్తకునివలె కానవచ్చెడివాడు. కాని ఏ పని చేపట్టినను దాని అంతు చూచువరకు వదలని స్వభావము. సైనిక గ్రంథములను తెప్పించుకొని చదివి, తుపాకి గురిలో నేర్పు సంపాదించి, 1900లో అధికారియై, 1909 నాటికి ఆ దళమునకే నాయకుడయ్యెను. ఇంతలో బడి కొలువు మాని భీమా వ్యాపారమున ప్రవేశించెను. 1901లో వివాహమాడెను. పిదప విక్టోరియా నగరమున ఇండ్లస్థలముల క్రయవిక్రయములకు దిగెను.

పదివేల డాలర్ల పద్దు

ఆ దినములలో విక్టోరియాలో నేల ధరలు ఆకాశము నంటుచుండెను. కర్రీ అప్పులు చేసి స్థలములు కొనెను. 1913లో ధరలు కూలిపోయినవి. కొన్నవారు లేరు, అప్పులవారు మాత్రము వాకిట నిలిచిరి. అదే సమయమున ఆయన 50వ గోర్డన్ హైలాండర్స్ అను నూతన పటాలమునకు నాయకత్వము వహింపవలసివచ్చెను. ఋణగ్రస్తుడు దివాలా తీసినచో సైనికాధికారి పదవికి అర్హుడు కాడు, సంఘమున తలయెత్తుకొని తిరుగలేడు.

1914 జూలైలో ఆ పటాలపు దుస్తులకై ప్రభుత్వమునుండి 10,833 డాలర్ల 34 సెంట్లు వచ్చెను. అది గ్లాస్గో నగరపు దుస్తుల వర్తకులకు చెల్లింపవలసిన సొమ్ము. కర్రీ దానిని సొంత ఖాతాలో జమ కట్టుకొని తన బాకీలు తీర్చుకొనెను. త్వరలోనే ఒక దాత పటాలమునకు ఇచ్చెదనన్న విరాళముతో దానిని పూడ్చవచ్చునని ఆయన భావించెను. విరాళము రాలేదు. కొలది దినములకే యుద్ధము వచ్చెను.

లెక్కల పని చేయువారికి ఈ సంగతిని విడమరచి చెప్పనక్కఱలేదు. నేను ఈ పనిలో చేరిన క్రొత్తలో ఒక పద్దు పొరపాటున వేఱొక ఖాతాలో చేరగా, అది దొరకువరకు మూడు నెలలు నాకు కంటికి నిద్ర లేదు. అది కేవలము పొరపాటు. కర్రీ చేసినది పొరపాటు కాదు, తెలిసి చేసిన తప్పు. తరువాతి మూడేండ్లు ఆయన కందకములలో నుండగా ప్రతి రాత్రియు ఉదయము నిదుర లేవగానే తనకు మొదట తోచెడి తలంపు ఆ సొమ్మే యన్నంతగా అది ఆయనను బాధించెను.

విషవాయువు

1914 ఆగస్టులో బ్రిటను యుద్ధము ప్రకటింపగా కెనడా కూడ అందులో చేరవలసివచ్చెను. ఆనాడు ఆ దేశ జనసంఖ్య 80 లక్షలు. శాశ్వత సైన్యము సుమారు మూడువేలు మాత్రమే. రక్షణశాఖ మంత్రి శామ్ హ్యూస్. ఆయన కుమారుడు గార్నెట్ హ్యూస్ కర్రీకి మిత్రుడు. ఆ మైత్రి మూలముననే కర్రీకి ఒక బ్రిగేడు నాయకత్వము లభించెను. ఋణగ్రస్తుడైన బడిపంతులు వేలకొలది మంది సైనికులతో సముద్రము దాటెను.

1915 ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలమున బెల్జియములోని ఈప్రె పట్టణము చెంత జర్మనులు క్లోరిన్ విషవాయువును వదలిరి. పసుపుపచ్చని పొగ నేలబారున ప్రాకివచ్చి కందకములను నింపెను. ప్రక్కనున్న ఫ్రెంచి దళములు ఊపిరి యాడక చెదరిపోయెను. ఏర్పడిన ఖాళీని కెనడీయులు అడ్డుకొనిరి. 24వ తేదీన వారిపైననే నేరుగా వాయువును వదలిరి. తడిబట్టలు ముక్కుకు కట్టుకొని వారు నిలిచి పోరాడిరి. కొలది దినములలో ఆ డివిజనులో ఆరువేలమంది మరణించుటయో, గాయపడుటయో, చిక్కుటయో సంభవించెను. కర్రీ బ్రిగేడు ఆ పోరున గట్టిగా నిలిచెను. రెండు దినముల పిదప ఆ రంగముననే మన భారతీయుల లాహోరు డివిజను కూడ దాడి చేసి తీవ్రనష్టమునకు లోనయ్యెనని మనము మఱువరాదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో కర్రీ మేజర్ జనరలై మొదటి డివిజనుకు అధిపతి యయ్యెను.

వీమీ కొండ

ఫ్రాన్సులో వీమీ అనుచోట పొడవైన మిట్ట యొకటి కలదు. దానిపై జర్మనులు పాతుకొనియుండిరి. పూర్వము దానిని పట్టుకొనబోయి ఫ్రెంచివారు, బ్రిటిషువారు అనేకులు బలియైరి. 1917లో ఆ పని కెనడా కోరుకు అప్పగింపబడెను. దానికి అధిపతి బ్రిటిషు సేనాని బింగ్.

దాడికి ముందు, జనవరిలో, కర్రీని వెర్దూను రంగమునకు పంపి ఫ్రెంచివారి పద్ధతులను పరిశీలింపుమనిరి. ఆయన అధికారుల మాటలు వినుటతో తృప్తిపడక సామాన్య సైనికులను కూడ ప్రశ్నించి, చెప్పినదానిని జరిగినదానితో సరిపోల్చి చూచెను. లెక్కను మూలపు చిట్టాతో సరిచూచుట వంటిది ఈ పని. ఆయన తెలిసికొన్న ముఖ్య విషయము లివి: దాడి చేయవలసిన నేలను పోలిన నేలపై ముందుగా పలుమార్లు అభ్యసింపవలెను. పటములు అధికారుల సంచులలో నుండక సైనికుల చేతులలో నుండవలెను. నాయకుడు పడిపోయినను పని ఆగకుండునట్లు ప్రతి సైనికునకును తన పని తెలియవలెను.

1917 ఏప్రిల్ 9వ తేదీన, మంచు కురియుచుండగా, కెనడా డివిజనులు నాలుగును మొదటిసారి ఒక్కటిగా కదలెను. నాలుగు దినములలో వీమీ మిట్ట వారి వశమయ్యెను. అందులకు చెల్లించిన మూల్యము 10,602 మంది. వారిలో మృతులు 3,598. తాము వేఱొక జాతియని కెనడీయులు భావింపదొడగినది ఆనాటి నుండియే యని ఆ దేశపు చరిత్రకారులు పలువురు వ్రాసియున్నారు.

మిత్రుని కోరిక

ఆ జూన్ మాసమున బింగ్ వేఱు పదవికి పోగా కర్రీ కెనడా కోరుకు సేనాధిపతి యయ్యెను. ఆ పదవిని పొందిన తొలి కెనడీయుడు ఆయనే. సర్ బిరుదము కూడ ఆ సంవత్సరమే లభించెను.

అంతట ఒక ధర్మసంకటము వచ్చెను. ఖాళీయైన మొదటి డివిజను ఆధిపత్యమును గార్నెట్ హ్యూస్ కోరెను. తనకు తొలి పదవి నిప్పించినది ఆ కుటుంబము. పైగా ఆ పటాలపు సొమ్ము సంగతి తెలిసిన కొలదిమందిలో గార్నెట్ ఒకడు. కాని అతడు రణమున డివిజనును నడపుటకు తగడని కర్రీ అభిప్రాయము. ఇరువురి నడుమ గంటలకొలది వాదము జరిగెను. చివరకు కర్రీ కాదనెను. గార్నెట్ పగబూని వెడలిపోయెను.

భారతమున కర్ణుడు దుర్యోధనుని ఉపకారమునకు తన ప్రాణమునే చెల్లించెను. ఆ కృతజ్ఞతను మనము నేటికిని కొనియాడుదుము. కాని కర్రీ మైత్రి ఋణమును తీర్పవలసినది తన ప్రాణముతో కాదు, ఇరువదివేల మంది సైనికుల ప్రాణములతో. అట్టి ఋణము తీర్చుట తనకు తగదని ఆయన నిశ్చయించెను. ఈ నిశ్చయమునకు ఆయన జీవితాంతము బాధపడవలసివచ్చెను.

ఆ సెప్టెంబరులో కర్రీ తన క్రింది అధికారులగు వాట్సన్, ఓడ్లమ్ అనువారివద్ద అప్పు తీసికొని పటాలపు సొమ్మును పూర్తిగా చెల్లించెను. ప్రధానమంత్రి బోర్డెన్‌కు అంతకుముందే ఈ సంగతి తెలియును. యుద్ధమధ్యమున ఉత్తమ సేనానిని పోగొట్టుకొనుట ఇష్టములేక ప్రభుత్వము మిన్నకుండెను.

ముందుగానే వేసిన లెక్క

1917 జూలైలో లాన్స్ పట్టణమును పట్టుకొనుమని పైనుండి ఆజ్ఞ వచ్చెను. కర్రీ ఆ స్థలమును స్వయముగా చూచి, పట్టణమునకు ఎగువగల 70వ నంబరు కొండను విడిచి దిగువనున్న పట్టణములోనికి పోవుట సైన్యమును గోతిలోనికి దింపుటయేయని వాదించి, పై అధికారిని ఒప్పించెను. కెనడీయులు కొండను పట్టుకొనిరి. దానిని తిరిగి గైకొనుటకు జర్మనులు 21 మారులు ఎదురుదాడి చేసి విఫలులైరి.

తరువాతిది పాషెండేల్. ఆడుగడుగునా వానలకు, గుండ్లకు నేల యంతయు బురదగుంటలై, మనుష్యులును గుఱ్ఱములును మునిగి చచ్చు చోటు. అచటికి పోవలదని కర్రీ సేనాపతి హేగ్‌తో వాదించెను. ఆ గ్రామమును పట్టుటకు 16,000 మంది నష్టమగుదురని ముందుగానే లెక్క వేసి చెప్పెను. ఆజ్ఞ మారలేదు. అంతట ఆయన రోడ్లు వేసికొనుటకు, ఫిరంగులు నిలుపుకొనుటకు గడువు నిచ్చిననే కదలుదునని పట్టుబట్టి, ఆ గడువు పొందెను. 1917 అక్టోబరు 26 మొదలు నవంబరు 10 వరకు జరిగిన ఆ పోరున గ్రామము వశమయ్యెను. కెనడీయుల నష్టము 15,654. కర్రీ వేసిన లెక్కకును జరిగినదానికిని భేదము నాలుగువందలకు లోపే.

లెక్క సరిపోయినందులకు సంతోషింపదగిన సందర్భము కాదిది. స్త్రీపర్వమున ధృతరాష్ట్రుడు యుద్ధమున మడిసినవారెందరని యడుగగా, గెలిచిన ధర్మరాజు ఆ సంఖ్యను చెప్పవలసివచ్చెను. చచ్చినవారి లెక్క చెప్పు భారము గెలిచినవానిపైననే పడును. కర్రీ ఆ లెక్కను ముందుగానే చెప్పి, వలదని వేడి, పిదప ఆజ్ఞకు లోబడెను.

నూఱు దినములు

1918లో ఇతర బ్రిటిషు డివిజనులవలె కెనడా డివిజనులను కూడ చిన్నవిగా చేసి సంఖ్య పెంచుమని సూచన వచ్చెను. అట్లు చేసినచో క్రొత్త పదవులు పెక్కు వచ్చును, కర్రీకి కూడ పెద్ద పదవి దక్కును. ఆయన అంగీకరింపక, నిండుబలముగల నాలుగు డివిజనులే మేలనెను.

1918 ఆగస్టు 8వ తేదీన అమియెన్స్ చెంత కెనడీయులును ఆస్ట్రేలియనులును కలిసి జర్మనుల వ్యూహమును ఛేదించిరి. ఆ ఒక్క దినముననే కెనడీయులు సుమారు 13 కిలోమీటర్లు ముందునకు సాగిరి. సెప్టెంబరు 2న డ్రోకూర్–కెయాఁ రక్షణశ్రేణిని, 27న ఉత్తర కాలువను దాటిరి. కాలువలో నీరులేని ఇరుకు భాగముగుండ సైన్యమంతటిని నడపి, ఆవలి ఒడ్డున విసనకఱ్ఱవలె విస్తరింపజేయుట కర్రీ పన్నుగడ. పై అధికారులు జంకినను అది ఫలించెను. పిదప కాంబ్రే, వాలెన్సియెన్స్ పట్టుబడెను. నవంబరు 11వ తేదీ తెల్లవారునప్పటికి బెల్జియములోని మోన్స్ నగరము కెనడీయుల వశమయ్యెను. ఉదయము 11 గంటలకు యుద్ధము నిలిచెను. రెండు నిమిషములకు ముందు, 10 గంటల 58 నిమిషములకు, జార్జి ప్రైస్ అను కెనడా సైనికుడు మోన్స్ చెంత గుండు తగిలి మరణించెను.

ఆ నూఱు దినములలో కెనడీయుల నష్టము 45,000లకు మించెను. యుద్ధము మొత్తము మీద ఆఱు లక్షలకు పైబడి కెనడీయులు సైన్యమున చేరగా, అఱువదివేలకు మించి మరణించిరి. ఈ త్యాగబలముననే 1919లో వెర్సాయి సంధిపత్రముపై కెనడా వేఱుగ సంతకము చేసెను. మన దేశమునకును అట్టి సంతకపు హక్కు అప్పుడే లభించెను.

నింద

కర్రీ ఇంకను స్వదేశమునకు రాకమునుపే, 1919 మార్చి 4వ తేదీన, పదవి పోగొట్టుకొనియున్న శామ్ హ్యూస్ కెనడా పార్లమెంటున లేచి, యుద్ధము ముగియునని తెలిసియు కీర్తికాంక్షతో కర్రీ మోన్స్ వద్దను, కాంబ్రే వద్దను సైనికులను వృథాగా చంపించెనని నిందించెను. సభలో ఆడిన మాటకు న్యాయస్థానమున దావా లేదు. ఆ మాటను వెంటనే గట్టిగా ఖండించినవారు కొలదిమంది మాత్రమే. కర్రీ సైనికులకు ప్రీతిపాత్రుడు కాడు. మాటలలో చల్లదనమే తప్ప చనువు లేదు. ఉత్సాహము కలిగింపవలెనని ఆయన వ్రాయించిన ప్రకటనలు కందకములలోని వారికి నవ్వు పుట్టించెను. కనుక ఆ అపవాదు గ్రామగ్రామమున ప్రాకెను. కొడుకులను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు దానిని నమ్మిన నమ్మకపోయిన, మఱువలేకపోయిరి.

బ్రిటను సేనాపతి హేగ్‌కు ఆ దేశము ఎర్ల్ బిరుదమును, లక్ష పౌనులను ఇచ్చెను. 1919 ఆగస్టులో కర్రీ హాలిఫాక్స్ రేవున దిగినప్పుడు స్వాగతము చల్లగానుండెను. ధనముగాని భూమిగాని కానుకగా రాలేదు. జనరల్ హోదాను, సైన్య పరీక్షాధికారి పదవిని మాత్ర మిచ్చిరి. సైన్యమును సంస్కరింపబూనగా ధనము లేదనిరి. 1920లో మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయము ఆయనను అధ్యక్షునిగ పిలిచెను. పట్టము లేనివాడు విద్యాపీఠమున కూర్చుండుట చిత్రమే. కాని ఆయన ఊరూర తిరిగి నిధులు కూర్చి, ఆచార్యుల మన్ననపొంది, పదుమూడేండ్లు ఆ సంస్థను చక్కగ నడపెను.

న్యాయస్థానము

1927 జూన్‌లో మోన్స్ నగరమున కెనడా సైనికుల స్మారకముగా ఒక ఫలకము నావిష్కరించిరి. ఆ గౌరవవార్తను పట్టుకొని, పోర్ట్‌హోప్ అను చిన్న పట్టణపు పత్రిక ఒకటి జూన్ 13వ తేదీన పాత నిందను మరల ముద్రించెను. శామ్ హ్యూస్ అప్పటికి గతించి ఆఱేండ్లయ్యెను. ఇది సభలోని మాట కాదు, అచ్చులోని మాట. కర్రీ 50,000 డాలర్లకు పరువునష్టము దావా వేసెను.

ఊరకొనుమని మిత్రులు చెప్పిరి. చిన్న పత్రికను ఎవరు చదువుదురనిరి. పైగా న్యాయస్థానమునకు ఎక్కినచో 1914 నాటి సొమ్ము సంగతి బయటపడవచ్చును. అయినను ఆయన వెనుదీయలేదు. 1928 ఏప్రిల్‌లో కోబర్గ్ పట్టణమున విచారణ జరిగెను. ఆయన క్రింద పనిచేసిన అధికారులును సైనికులును వచ్చి సాక్ష్యమిచ్చిరి. మోన్స్ వద్ద వృథాగా ప్రాణనష్టము చేయింపలేదని, పై ఆజ్ఞ మేరకు శత్రువును వెన్నంటుట తన విధియని కర్రీ బోనులో నిలిచి చెప్పెను. జ్యూరీ ఆయన పక్షమున తీర్పు చెప్పి 500 డాలర్లను, ఖర్చులను ఇప్పించెను. అడిగినదానిలో నూఱవ వంతు. ఆయనకు కావలసినది డబ్బు కాదు గనుక అది చాలెను. పూర్వము ఆయనను చూచి నవ్విన సైనికులే ఇప్పుడు ఆయన పక్షము వహించిరి. ఆ సంవత్సరమే మాజీ సైనికుల సంఘమగు కెనడియన్ లీజియనుకు ఆయనను అధ్యక్షునిగ ఎన్నుకొనిరి. కాని విచారణ వలన ఆయన ఆరోగ్యము క్రుంగెను.

1931లో నూతన ఢిల్లీ నగర ప్రారంభోత్సవమునకు కెనడా ప్రతినిధిగా ఆయన మన దేశమునకు వచ్చెను. అచటి సచివాలయముల ముందు నిలిచిన నాలుగు స్తంభములలో ఒకటి కెనడా ఇచ్చిన కానుక.

అంత్యకాలము – ఆ తరువాత

1933 నవంబరు 30వ తేదీన కర్రీ మాంట్రియల్‌లో మరణించెను. డిసెంబరు 5న, ఆయన యేబదియెనిమిదవ జన్మదినముననే, అంత్యక్రియలు జరిగెను. లక్షకు మించిన జనము వీథులలో నిలిచిరి. బ్రతికి వచ్చినప్పుడు చేయని ఊరేగింపును మరణించిన పిదప చేసిరి.

1936 జూలై 26వ తేదీన వీమీ కొండపై శిల్పి వాల్టర్ ఆల్వర్డ్ నిర్మించిన గొప్ప స్మారకమును ఆవిష్కరించిరి. ఫ్రాన్సులో మరణించి సమాధియైన దొరకని 11,285 మంది కెనడీయుల పేర్లు దానిపై చెక్కబడియున్నవి. 2006లో ఒట్టావా రాజధానిలో వీరుల స్మారకమున నిలిపిన విగ్రహములలో కర్రీ విగ్రహమొకటి. తమ దేశమున ఓటు హక్కుకూడ లేకయే యుద్ధమునకు పోయిన ఆదిమజాతుల సైనికులకు ఆ నగరమున స్మారకము లేచినది 2001లోనే.

పటాలపు సొమ్ము సంగతి ఆయన జీవించియుండగా లోకమునకు తెలియలేదు. పెక్కేండ్ల పిదప చరిత్రకారులు పాత కాగితములనుండి వెలికిదీసిరి. అది తెలిసిన తరువాతనే 2006లో విగ్రహము నిలిపిరని పాఠకులు గమనింపవలెను. తప్పు దాచి గౌరవించుట వేఱు, తప్పెఱిగి గౌరవించుట వేఱు. మొదటిది ఎప్పుడైన బయటపడి సిగ్గు తెచ్చును. రెండవది నిలుచును. జమాఖర్చులు రెండును వ్రాసిన పుస్తకమే నమ్మదగినది. ఖర్చు చూపని పుస్తకమును నేను ఏనాడును సరియని చేవ్రాలు చేయలేదు. జమ చూపని పుస్తకమును శామ్ హ్యూస్ వ్రాసెను.

నా మట్టుకు నేను కర్రీని ఎట్లు తూచుదును? పరుల సొమ్ము వాడుకొన్నందులకు ఆయనను క్షమింపుమని చెప్పజాలను. మూడేండ్లకు మొత్తము చెల్లించెననుట మాత్రము అదే పుట క్రింద వ్రాయుదును. సైనికుల ప్రాణములను సొంత సొమ్మువలె వాడుకొన్నాడను నిందయో, అది నిజము కాదు. ఆ విషయమున ఆయన తన కాలపు సేనానులలో అందఱికన్న జాగ్రత్తగా లెక్క చూచినవాడు.

ఇక మన మాట. ఆ యుద్ధమున మన దేశమునుండి పదమూడు లక్షలకు పైబడి పోయిరి, డెబ్బదివేలకు మించి మరణించిరి. ఈప్రె పట్టణపు మెనిన్ ద్వారముపై సమాధిలేని సైనికుల పేర్లు 54,000లకు మించి కలవు. అందు కెనడీయుల పేర్లతోపాటు భారతీయుల పేర్లును చెక్కబడియున్నవి. బెల్జియమువారు ప్రతి సాయంకాలమున ఆ ద్వారమువద్ద బాకా ఊది వారిని స్మరింతురు. మన గ్రామములలోనో, ఏ యుద్ధమునకు ఏ ఇంటివాడు పోయెనో, ఎవడు తిరిగి రాలేదో వ్రాసియుంచిన పుటయైనను లేదు. ముసలివారి నోట మిగిలిన పేర్లు వారితోనే పోవుచున్నవి.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ సభ్యులకు నాదొక విన్నపము. రాతిస్మారకము నిలుపుటకు మనకు శక్తి లేకపోవచ్చును. ఒక గట్టి అట్ట పుస్తకము కొనుటకు చాలినంత శక్తి గలదు. మన గ్రామమునుండి సైన్యమునకు పోయినవారి పేర్లు, పోయిన సంవత్సరము, తిరిగి వచ్చినదియు రానిదియు, ఇంటింట విచారించి అందు వ్రాసి, ఈ గ్రంథాలయమునందే భద్రపఱుపుదము. వారిలో ఎవని నడవడిలోనైన లోపమున్నచో అదియు వ్రాయుదము. పుస్తకమును గీతలు గీసి సిద్ధపఱచు పనిని నాకు అప్పగింపవలసినదిగ కోరుచు విరమించుచున్నాను.

స్వస్తి.